ఐదో రంగంలో ఆమె రావలెను

నాటకం చూసి ఏడవొచ్చు, నవ్వొచ్చు, కుర్చీలో జారబడి కునుకు తీయొచ్చు. అంతేగాని నాటకాన్ని మధ్యకు మడిచి దబ్బనంతో పొడిచి చూడొచ్చని ఉభయ జిల్లాల నాటకాభ్యుదయ మండలి వారు కనిపెట్టేదాకా ఎవరికీ తట్టలేదు. అంతకుముందు మనవాళ్లు పాపం నాటకాలు ఊరికే రాసి పారేసేవారు. మొదట ఏదో జరిగేది, తరవాత ఇంకేదో జరిగేది, చివరికి తెర పడేది. ఎంత అనాగరికం!

ఈ జ్ఞానోదయం మండలి సంచాలకులు ముక్తేశ్వరరావుగారికి బెంగుళూరులో కలిగింది. అక్కడేదో పదిరోజుల శిక్షణ అంటే వెళ్లారాయన. ఎనిమిది రోజులు ఏం విన్నారో ఆయనకే గుర్తులేదు. తొమ్మిదో రోజు భోజనాలయ్యాక ఒక ప్రొఫెసరుగారు వచ్చి ప్రాచీన హీబ్రూ కవిత్వం గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆ పాటల్లో మాటలు అద్దంలో బొమ్మల్లా ఎదురుబొదురుగా నిలబడతాయట. మొదటి మాటకు చిట్టచివరి మాట జోడీ. రెండోదానికి చివరినుంచి రెండోది జోడీ. అలా రెండు కొసల నుంచీ నడుచుకుంటూ వచ్చి నట్టనడుమ ఒకచోట కలుసుకుంటాయట. దాన్ని కియాస్మస్ అంటారట. నాటకాల కథలు కూడా ఈ పద్ధతిలో అల్లితే బాగుంటుందని ప్రొఫెసరుగారు పోతూపోతూ ఒక మాటన్నాడు. బాగుంటుంది అన్నాడాయన. అల్లకపోతే నేరం అని ముక్తేశ్వరరావుగారికి వినపడింది.

తిరిగొచ్చిన రోజే సిబ్బందిని సమావేశపరిచారు. "మూడువేల ఏళ్లనాడు గొర్రెలు కాచుకునేవారికి అలవడిన నిర్మాణ స్పృహ నేటి మన నాటక రచయితలకు లేకపోవడం మిక్కిలి శోచనీయం!" అన్నారు. శోచనీయం అనే మాట వినగానే సిబ్బంది అలవాటు ప్రకారం తలలు దించుకున్నారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది.

"ఇందుమూలముగా యావన్మంది నాటక సమాజముల వారికి తెలియజేయునది ఏమనగా, ఇకపై మండలి వేదికలపై ప్రదర్శించు ప్రతి నాటికయు ఏడు రంగములు కలిగియుండవలెను. ఒకటవ రంగమునకు ఏడవది, రెండవ దానికి ఆరవది, మూడవ దానికి ఐదవది ప్రతిబింబమై ఒప్పవలెను. నాలుగవ రంగము నాటిక యొక్క హృదయము. రెండవ రంగమున ప్రవేశించిన పాత్ర ఆరవ రంగమున నిష్క్రమించవలెను. మూడవ రంగమున నిష్క్రమించిన పాత్ర ఐదవ రంగమున తప్పక ప్రవేశించవలెను. మినహాయింపులు లేవు."

ఉత్తర్వు కూడా కొత్త పద్ధతిలోనే ఉండాలి కదా. అందుకని కింద ఒక సంతకం, పైన ఒక సంతకం పెట్టారు. పైది తలకిందులుగా పెట్టారు.

ఆ కాగితం పొన్నూరులో నందిగం పానకాలు చేతికందింది. పానకాలు రిటైరైన బస్సు కండక్టరు. ముప్ఫై రెండేళ్లు గుంటూరు–బాపట్ల బస్సులో టిక్కెట్లు కొట్టాడు, సెలవు దొరికినప్పుడల్లా నాటకాలాడాడు. ఉత్తర్వు చదవగానే ఆయనకు బోధపడిపోయింది. "ఓసి, ఇంతేనా! అప్ ట్రిప్పు, డౌన్ ట్రిప్పు. పోయేటప్పుడు నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు. వచ్చేటప్పుడు పొన్నూరు, చేబ్రోలు, నారాకోడూరు. దీనికి బెంగుళూరు దాకా పోవాలా?" అన్నాడు పక్కనున్న బాజీతో. బాజీ టైలరు. వాళ్ల సమాజానికి తెర లాగేదీ, దుస్తులు కుట్టేదీ, మాటలు మరిచిపోతే తెర పక్కనుంచి అందించేదీ అతనే.

తేలిగ్గా అన్నాడు గాని, తన నాటిక సంగతి గుర్తొచ్చేసరికి పానకాలు మొహం మాడిపోయింది.

ఆ నాటిక పేరు 'ఒక్కడికే వంట'. అంతకుముందు ఆరు నాటికలు రాశాడు, ఆరూ పోటీలకు ఎంపిక కాలేదు, ఆయనేం బాధపడలేదు. ఇది అలాంటిది కాదు. నాలుగేళ్ల కిందట ఆయన భార్య రాజ్యం చనిపోయింది. ఆ సాయంత్రం గుండెల్లో అదోలా ఉందని చెప్పింది. మారాల్సిన మనిషి డ్యూటీకి రాకపోతే, ఆఖరి ట్రిప్పు ఒక్కటీ వేసి వస్తానని పానకాలు గుమ్మంలోంచి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఇంటినిండా జనం. ఆ సంగతి ఆయన ఎవరితోనూ మాట్లాడలేకపోయాడు. మాట్లాడబోతే "ఎందుకు బాబాయ్ తలుచుకుని బాధపడతావ్, మరిచిపో" అంటారు. మరిచిపోవాలని ఆయనకు లేదు. నాటికగా రాసి, భర్త వేషం తానే కట్టి, పొన్నూరులో మండలి పెట్టే పోటీల్లో నలుగురి ముందూ ఒక్కసారి ఆడితే చాలు, ఆ తరవాత కలం ముట్టనని ఒట్టేసుకున్నాడు.

కథ పెద్దదేం కాదు. స్టవ్ వెలిగించడం కూడా రాని ఒక కండక్టరుంటాడు. రెండో రంగంలో రేకుపెట్టె పుచ్చుకుని భార్య కాపరానికొస్తుంది. మూడో రంగంలో ఆయన డ్యూటీలో ఉండగా చనిపోతుంది. అక్కణ్ణుంచి ఆయన మాడ్చుకుంటూ, చేతులు కాల్చుకుంటూ వంట నేర్చుకుంటాడు. చివరికి పప్పుచారు కుదురుతుంది. ఒక్కడే కూర్చుని తింటాడు. తెర.

ఆ రాతప్రతి తీసుకుని పానకాలు మండలి కార్యాలయానికి వెళ్లాడు. అక్కడ మడత పరిశీలనాధికారి అని కొత్త ఉద్యోగం ఒకటి పుట్టింది. హైమవతిగారనే ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని ఉంది. కళ్లజోడు, ఎదురుగా దబ్బనం, దారపుండ. రాతప్రతిని సరిగ్గా మధ్యకు మడిచి, పాత్ర బయటికి పోయినచోట దబ్బనం గుచ్చుతుంది. అవతలివైపు అది తేలినచోట అదే పాత్ర లోపలికి రావాలి. రాకపోతే నాటిక తప్పింది.

"కూర్చోండి. మీ భార్య ఏ రంగంలో పోయింది?" అంది హైమవతి.

"మూడో రంగంలో, మేడం."

ఆవిడ దబ్బనం గుచ్చింది. తిప్పి చూసింది. "ఐదో రంగంలో రాలేదేం?"

"పోయింది గదండీ."

"పోయినట్టు మూడో రంగంలో ఉంది, చూశాను. నేను ఐదో రంగం సంగతి అడుగుతున్నాను."

"చచ్చిపోయిందండీ మేడం!"

"అది ఆమె వ్యక్తిగత విషయం. నిర్మాణపరంగా ఆమె నిష్క్రమించింది. నిష్క్రమించిన పాత్ర ప్రవేశించాలి."

పానకాలు దబ్బనం వంక చూశాడు. "దెయ్యమై రావాలంటారా?" అన్నాడు.

"మూఢనమ్మకాలను మండలి ప్రోత్సహించదు. మామూలుగా రావాలి. వచ్చి, ఆరో రంగంలో పెట్టె తీసుకుని వెళ్లిపోవాలి. రెండో రంగంలో పెట్టెతో వచ్చింది కాబట్టి." ఆవిడ ఇంకో కాగితం తిప్పింది. "మరొక అభ్యంతరం. మొదటి రంగంలో ఈయనకు స్టవ్ వెలిగించడం రాదు. ఏడో రంగంలో పప్పుచారు కాస్తున్నాడు. ఇదేమిటి?"

"నేర్చుకున్నాడండీ. కథంతా అదేగా!"

"మరిచిపోవాలి. మొదట రాదు కనుక చివర కూడా రాకూడదు."

పానకాలు రాతప్రతి చంకన పెట్టుకుని వరండాలోకొచ్చాడు. అక్కడ ఆయనకంటే కష్టంలో ఉన్నవాళ్లు కనిపించారు. రేపల్లె సమాజం వాళ్లు మద్యపాన వ్యతిరేక నాటిక తెచ్చారు. మొదట తాగుబోతు, మధ్యలో బుద్ధి తెచ్చుకుంటాడు. ఇప్పుడు చివర మళ్లీ తాగుబోతు కావాలి. వేటపాలెం వాళ్ల దొంగ రెండో రంగంలో కన్నం వేసి ఎత్తుకెళ్లిన సామానంతా ఆరో రంగంలో తెచ్చి, ఎక్కడివక్కడ సర్ది, కన్నం పూడ్చిపోవాలి. రెండో రంగంలో పిల్లాణ్ణి పుట్టించిన చీరాల రచయిత ఒకాయన ఆరో రంగం తలుచుకుని బెంచీమీద తల పట్టుకు కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ని పలకరించే సాహసం చేయలేదు.

ఇంటికొచ్చాక బాజీ ఒక మాట చెప్పాడు. "బాబాయ్, హీబ్రూ అంటే మన దైవసహాయం అయ్యగారికి తెలుసుగా. ఆయన కాలేజీలో అదే చెప్పేవోడంట. అసలు వాళ్ల పాటల్లో ఏముందో ఆయన్నడిగితే పోలా?"

దైవసహాయంగారు దైవశాస్త్ర కళాశాలలో హీబ్రూ బోధించి రిటైరైన పాస్టరుగారు. పానకాలు చెప్పిందంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కొండెక్కి దిగినట్టయ్యా అది. ఎక్కేటప్పుడు కనపడ్డ రాయే దిగేటప్పుడూ కనపడుద్ది. రాయి అదే. చూసేవాడు అదే కాదు. పైన ఏదో చూసొచ్చాడుగా! అందుకని మొదటి మాటే మళ్లీ వచ్చినా పాత అర్థంతో రాదు. అదీ దాని అందం. అంతేగాని నేర్చుకున్న వంట మరిచిపొమ్మనీ, చచ్చిపోయినోళ్లని లేపమనీ ఎవరు చెప్పారు?"

"లేపిన కథలు మీ గ్రంథంలో ఉన్నయ్యి గదండీ అయ్యగారూ?" అన్నాడు బాజీ.

"ఉన్నయ్యిలేరా. వాటికి మండలి అనుమతి తీసుకోలా."

ఈ ముక్క ముక్తేశ్వరరావుగారికి ఒక్కసారి చెప్పిపెట్టమని పానకాలు బతిమాలాడు. పెద్దాయన సరేనని వెళ్లాడు. ముక్తేశ్వరరావుగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. హీబ్రూ వచ్చిన మనిషి ఇరవై మైళ్ల లోపలే ఉన్నాడని ఆయనకు తెలీదు మరి. చెప్పిందంతా శ్రద్ధగా విని, డైరీలో 'కొండ' అని రాసుకున్నారు. రెండో రోజే ఇంకో ఉత్తర్వు వచ్చింది. నాలుగవ రంగము కొండశిఖరముతో సమానము కనుక, ఆ రంగమును వేదికపై మూడడుగులకు తగ్గని ఎత్తున ఆడవలెను. హృదయము వచ్చినట్టు ప్రేక్షకులకు తెలియుటకై ముప్పదవ నిమిషమున గంట కొట్టబడును.

పైగా దైవసహాయంగారికి సన్మానం. సభ కూడా కొత్త నిర్మాణంలోనే జరగాలన్నారు. జ్యోతి వెలిగించారు, దండ వేశారు, శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు. మధ్యలో ఉపన్యాసం, గంట. తరవాత మెమెంటో తీసేసుకున్నారు. శాలువా విప్పి మడతపెట్టారు. దండ తీశారు. ఇక జ్యోతి దగ్గరకొచ్చేసరికి గొడవైంది. వెలిగించిన ముఖ్య అతిథిగారే వచ్చి ఆర్పాలన్నారు. ఆవిడ ససేమిరా అంది. "ముత్తైదువను, దీపం నోటితో ఆర్పమంటారా? మీ ఇంట్లో ఆడవాళ్లు ఆర్పుతారా?" అని ముక్తేశ్వరరావుగారి మొహం మీదే అడిగింది. చివరికి ఫ్యాను ఆవైపు తిప్పి ఆ పని ఎవరి ఖాతాలోనూ పడకుండా కానిచ్చారు.

"వచ్చినవాణ్ణి వచ్చినట్టే పంపిస్తున్నారయ్యా, మీ నిర్మాణానికి వంక పెట్టలేం" అని దైవసహాయంగారు భుజం దులుపుకుని బస్సెక్కాడు. ముక్తేశ్వరరావుగారు దాన్ని ప్రశంసగా నమోదు చేయించారు.

పానకాలు ఆశ అక్కడితో తెగిపోయింది. రాయనంటే రాయనని భీష్మించుకు కూర్చున్నాడు. "దాన్ని లేపి, కూచోబెట్టి, మళ్లీ పంపించాలా? సిగ్గు లేదూ వీళ్లకు! ఒక్కసారి పోతేనే నాలుగేళ్లయినా కోలుకోలా" అన్నాడు.

పోటీలు ఇరవై రోజుల్లోకొచ్చాయి. భార్య వేషానికి ఒప్పుకున్న అలివేలు తెనాలి నుంచి దిగింది. యాభై దాటిన మనిషి. ఇరవై రెండేళ్లుగా పాతిక సమాజాల్లో తల్లిగా, వదినగా, పెళ్లాంగా వేసి, ఎవరు ఎక్కడ మాట మరిచిపోయినా పక్కనుంచి నెట్టుకొచ్చే ఘటికురాలు.

"గురువుగారూ, రాయండి. రాయకపోతే నాటిక లేదు. నాటిక లేకపోతే మీరు అనుకున్నదీ లేదు. ఇంతకీ ఆవిడ వస్తే ఏం చేసుద్దో చెప్పండి, నాకు అది చాలు" అంది.

ఆవిడ వస్తే ఏం చేస్తుంది? ఆ ప్రశ్న పానకాలును పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే కాగితాలు ముందేసుకుని 'రాజ్యం వచ్చును' అని రాశాడు. రెండు రోజులు కలం అక్కడే ఆగిపోయింది. బాగున్నావా అని అడుగుతుందా? అడగదు. ఏడుస్తుందా? ఆ రకం మనిషి కాదు. మూడో రోజు తను పొయ్యి దగ్గర నిలబడి ఉప్పు కోసం చెయ్యి చాపినప్పుడు తట్టింది. రాజ్యం వస్తే తిన్నగా వంటింట్లోకి పోతుంది! పోయి ఒక్కొక్క డబ్బా మూత తీసి చూస్తుంది. ఆ తరవాత కలం ఆగలేదు. ఐదో రంగం పదకొండు పేజీలొచ్చింది. రాస్తున్నంతసేపూ ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది. నాలుగేళ్ల తరవాత ఇంట్లో ఎవరో తిడుతున్నట్టుందని బాజీతో చెప్పుకున్నాడు.

ఆరో రంగం మాత్రం ఒకటే వాక్యం. 'రాజ్యం పెట్టె తీసుకుని వెళ్లును.'

"ఇందులో మాటల్లేవేంది గురువుగారూ?" అంది అలివేలు రిహార్సల్సులో.

"ఏం మాటలుంటయ్యమ్మా. మీరు పెట్టె తీసుకుని పోండి. నేను గోడవైపు తిరిగి కూర్చుంటా."

అలివేలు ఆయన్నొకసారి తేరిపార చూసి, ఇంకేం అడక్కుండా పెట్టె ఎత్తుకుని పోయింది. రిహార్సల్సు జరిగిన పది రోజులూ ఆయన గోడవైపే తిరిగి కూర్చున్నాడు. ఆమె వెళ్లడం ఒక్కసారైనా చూడలేదు.

ఏడో రంగంలో భర్త స్టవ్ వెలిగించడం మరిచిపోయేట్టు రాసిచ్చాక, మడత పరీక్షలో నాటిక నెగ్గింది. మూడో రంగంలో దిగిన దబ్బనం ఐదో రంగంలో 'వచ్చును' అన్న మాట నడినెత్తిన తేలింది. "నా అనుభవంలో ఇంత నిటారుగా వచ్చిన భార్య లేదు" అని హైమవతి మెచ్చుకుని ముద్ర వేసింది. పదకొండు పేజీలూ ఆవిడ కూర్చున్నచోటే చదివిందని బంట్రోతు తరవాత చెప్పాడు. చదవమని రూల్సులో లేదు.

పోటీల సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు వరసలో ముక్తేశ్వరరావుగారు, పక్కనే స్టాప్‌వాచీ, విజిల్‌తో హైమవతి. పాత్ర వెళ్లాల్సిన నిమిషానికి వెళ్లకపోతే విజిల్ వేయడం ఆవిడ విధి. మొదట రేపల్లె తాగుబోతు వచ్చాడు. మధ్యలో బల్లెక్కి మానేశాడు, గంట మోగింది, దిగి మళ్లీ తాగాడు. "మానినా లాభం లేదన్నమాట" అనుకుంటూ నలుగురైదుగురు బయటికి వెళ్లారు. నిర్మాణం అమోఘమని ముక్తేశ్వరరావుగారు చప్పట్లు కొట్టారు.

తరవాత 'ఒక్కడికే వంట'. మూడో రంగందాకా సజావుగా సాగింది. నాలుగో రంగంలో పానకాలు బల్ల మీదకెక్కి, స్టవ్ కూడా బల్ల మీదే పెట్టించి, తలకు పై తెరలు తగులుతుంటే పప్పు మాడ్చాడు. హాలంతా పగలబడి నవ్వింది. గంట మోగింది. కిందికి దిగాడు. స్టవ్ దించి, మళ్లీ వెలిగించి, ఈసారి నీళ్లు సరిగ్గా పోసి పప్పు ఎక్కించాడు. ఐదో రంగంలో అలివేలు వచ్చింది.

తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఒక డబ్బా తీసింది. "ఉప్పు ఇక్కడెందుకు పెట్టావు?"

"అక్కడైతే అందట్లా."

"అందకపోతే చెయ్యి చాపాల. పోపులపెట్టెలో మేకులేంది?"

"మేకులు ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పి పోలా."

మొదట హాలు నవ్వింది. తరవాత నవ్వు పలచబడింది. ఆడవాళ్ల వరసల్లో ముక్కులు ఎగబీల్చడం వినపడింది. వచ్చింది చచ్చిపోయిన మనిషని అందరికీ తెలుసు. దెయ్యమా, కలా అని ఒక్కరూ అనుమానపడలేదు. ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి వచ్చింది, అంతే.

ఆరో రంగం. అలివేలు వంగి పెట్టె అందుకుంది. పానకాలు గోడవైపు తిరిగాడు. పెట్టె గొళ్లెం చప్పుడైంది. రెండడుగులు వినిపించాయి. పానకాలు వెనక్కి తిరిగాడు.

"రాజ్యం!"

ఆ మాట నాటికలో లేదు. అలివేలు ఆగింది.

"కాసేపు కూచో. పప్పు ఇంకా ఉడకలా."

తెర పక్కన బాజీ రాతప్రతి పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, దొరక్క, తెల్లమొహం వేశాడు. అలివేలు ఒక్క క్షణం చూసి, పెట్టె కింద పెట్టి దానిమీదే కూర్చుంది.

"ఆ రోజు గుండెల్లో అదోలా ఉందన్నావు" అన్నాడు పానకాలు. గొంతు నాటకం గొంతు కాదు. "నేను ఆఖరి ట్రిప్పుకి పోయాను. పోకుండా ఉండాల్సింది. నీ పక్కన ఉండాల్సింది. ఆ మాట నీతో అనాలని నాలుగేళ్లుగా చూస్తన్నా."

అలివేలు ఎప్పుడూ విన్న మాటలు కావివి. ఇరవై రెండేళ్ల అనుభవంలో ఎవరూ ఇలాంటి మాట అందించలేదు. పెట్టెమీద సర్దుకుని కూర్చుంది. తరవాత అడిగింది.

"బస్సులో జనం ఉన్నారా?"

"ఉన్నారు. కాలు పెట్టే చోటు లేదు."

"అందరూ ఇళ్లకు చేరారా?"

"చేరారు."

"సరే మరి."

పానకాలు మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ముందు వరసలో ముక్తేశ్వరరావుగారు గడియారం చూసుకుని ఎగిరి లేచారు. "సమయం దాటుతోంది! పాత్ర నిష్క్రమించాలి! అమ్మా, తమరు వెంటనే నిష్క్రమించాలి! విజిల్ ఏదీ? విజిల్!"

హైమవతి నోట్లో విజిల్ ఉంది. కళ్లనిండా నీళ్లతో బుగ్గలు బిగించుకుని స్టేజీ వంకే చూస్తూ ఉంది. విజిల్ మోగలేదు.

వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. "ఎందుకెళ్లాలయ్యా? ఇప్పుడేగా వచ్చింది. నువ్వు కూచో ముందు!"

"కూచో, కూచో!" అని హాలంతా అరిచింది. ముక్తేశ్వరరావుగారు కూర్చున్నారు. ఆయన జన్మలో ఉత్తర్వు లేకుండా కూర్చోవడం అదే మొదలు.

పప్పు ఉడికింది. అలివేలు లేచి చారు పెట్టడం చూపించింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఉప్పెక్కువైందని ఆమె అంది. ఆయన ఒప్పుకోలేదు. బాజీకి తెర ఎప్పుడు దించాలో తెలియక, తాడు పుచ్చుకుని అట్లాగే నిలబడ్డాడు. గంటలో అవ్వాల్సిన నాటిక గంటా పంతొమ్మిది నిమిషాలు నడిచింది. ఏడో రంగం అనేది అసలు రాలేదు.

ఉత్తమ ప్రదర్శన బహుమతి రేపల్లె తాగుబోతుకు వచ్చింది. 'ఒక్కడికే వంట'ను పోటీ నుంచి తొలగించారు. విధినిర్వహణలో విజిల్ వేయనందుకు హైమవతిని జమాఖర్చుల విభాగానికి మార్చారు. వెళ్లేముందు ఆవిడ ఆ రాతప్రతి కాపీ ఒకటి అడిగి తీసుకుందట.

పదో రోజున పానకాలుకు రిజిస్టరు పోస్టులో మెమో వచ్చింది. "తమరి నాటికయందు, మూడవ రంగమున మరణించి ఐదవ రంగమున సక్రమముగా హాజరైన తమ భార్య, ఆరవ రంగమున నిర్ణీత సమయమునకు వేదిక విడిచి వెళ్లకపోవుటకు గల కారణమును వారము దినములలో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. సంజాయిషీ తృప్తికరముగా లేనియెడల తమరిని మండలి వేదికలనుండి శాశ్వతముగా బహిష్కరించుట జరుగును."

కాగితం అడుగున 'కారణము' అని ఒక గడి ఉంది. చిన్న గడి. పానకాలు కళ్లజోడు పెట్టుకుని అందులో పట్టేట్టు రాశాడు.

"అయ్యా, మొదటిసారి ఆమె వెళ్లేటప్పుడు నేను ఇంట్లో లేను. ఈసారి ఉన్నాను. ఉండి, వెళ్లమనలేకపోయాను."